సాలమ్మ నటించిన సీను

“ఆమెకు నువ్వు చెప్తవా, నన్ను చెప్పుమంటవా?”

పొద్దుటి నుంచి ఈ మాట ఎన్నిసార్లు అడిగిందో ఇందిరకే గుర్తు లేదు. అడిగినప్పుడల్లా లింగస్వామి ఏదో ఒక పని అందుకుంటున్నాడు. ఒకసారి బిందె తోమాడు. ఇంకోసారి నల్లా వదులైందని బిగించాడు. ఇప్పుడు వంటింటి గడప మీద చతికిలబడి ఉల్లిగడ్డలు ఒలుస్తున్నాడు. ఇంట్లో ఉన్న ఇద్దరికీ, వచ్చిన ఒక్క చుట్టానికీ అన్ని ఉల్లిగడ్డలు ఏం చేసుకోవాలో దేవుడికే తెలియాలి.

“మెల్లగ మాట్లాడు. వాకిట్లనే ఉన్నది గద.”

“మెల్లగనే మాట్లాడుతున్న. ఇంకెంత మెల్లగ మాట్లాడాలె? నోరు మూసుకోమంటవా?”

లింగస్వామి ఇంకో ఉల్లిగడ్డ అందుకున్నాడు.

వాకిట్లోంచి సాలమ్మ కేకేసింది. “అల్లుడా! ఆ రాళ్ళు ఎప్పుడు తీస్తరో సారును అడిగినవా? మక్క పాడైతాంది. సాళ్ళకు సాళ్ళే తొక్కి పెట్టిండ్రు.”

“అడుగుత చిన్నత్తా.”

లింగస్వామి గొంతు విని ఒకప్పుడు పిల్లలు తల్లి కొంగులో దూరేవాళ్ళంటే ఇప్పుడు ఎవరూ నమ్మరు.

ఇందిర పొయ్యి ముందు నిలబడింది గానీ పొయ్యి వెలిగించలేదు. తెల్లవారగానే తూంకుంట నుంచి ఆటోలో దిగింది సాలమ్మ. ఒడినిండా మక్కకంకులు, ముఖం నిండా నవ్వు. సినిమావాళ్ళు మళ్ళీ వచ్చారట. పొలంలో వరసగా రాళ్ళు పాతారట, సున్నంతో గీతలు గీశారట, రోడ్డు పక్కన ఇంత పెద్ద బోర్డు నిలబెట్టారట.

“ఆ బోర్డు మీద ప్లాట్లు అమ్ముతరని రాసున్నదని పక్క పొలం వీరయ్య సదివిండు. నేను మస్తు తిట్టిన. సినిమాల బోర్డు నిజమైతదారా పిచ్చోడా అన్న. ఈ ఎడ్డి మొఖాలకు షూటింగు అంటే ఏం ఎరుక బిడ్డా!”

అప్పుడే ఇందిరకు అది షూటింగు కాదని, మొన్న జరిగింది కూడా షూటింగు కాదని ఒక్కసారిగా అర్థమైంది. సాలమ్మకు మాత్రం ఇంకా అర్థం కాలేదు. వాకిట్లో కూర్చుని కంకుల పొట్టు తీస్తూ, తన రెండో సీను ఎప్పుడుంటుందా అని ఎదురుచూస్తోంది.

*

సినిమాలో హీరోకు పనేముంటుంది? మంచి మాట్లాడాలి, తల్లి కాళ్ళకు దండం పెట్టాలి, ఆఖర్న నలుగుర్ని కొట్టాలి. టికెట్టు కొనకముందే అందరికీ తెలిసిన సంగతే. విలన్ అలా కాదు. వాడు నవ్వుతూ వస్తాడు. ఎవరి కొంప ఎట్లా ముంచుతాడో వాడికి తప్ప ఇంకెవరికీ తెలియదు. అందుకే జనం హీరోకు దండ వేస్తారు గానీ కళ్ళు మాత్రం విలన్ మీదే ఉంచుతారు.

విలన్ లింగస్వామి అయితే ఇంకో ముచ్చట కూడా ఉండేది. ఎవణ్ణయినా నాశనం చేసేముందు వాడి ఎదురుగా తాపీగా కూర్చునేవాడు. తమలపాకు తొడిమ తుంచి, సున్నం రాసి, వక్క పెట్టి, చుట్టి, పెళ్ళికొడుక్కి అందించినంత మర్యాదగా అందించేవాడు. “ఆకు వేస్కో పెద్దమనిషీ. మల్ల ఎప్పుడు దొరుకుతదో.” మేడ్చల్ టాకీసులో ఆ మాట తెర మీద నుంచి రాకముందే నేల టికెట్టు జనమంతా ఒక్క గొంతుతో అరిచేవారు. హీరో గుర్రం మీద వచ్చినా అన్ని ఈలలు పడేవి కావు.

డైరెక్టర్లు ఆయన్ను ఇంటి భాషలోనే మాట్లాడమనేవారు. హీరోకు మాత్రం పుస్తకాల భాష. “మన మాట విలన్‌కేనా?” అని ఇందిర ఒకసారి ఉక్రోషపడింది. “మన మాటల ఉప్పుంటదే. జనం ఎవర్ని చూస్తుండ్రో నువ్వే చూడు” అని నవ్వాడు లింగస్వామి. అప్పట్లో బాగా నవ్వేవాడు.

ఆ నవ్వుకు అందరికంటే పెద్ద అభిమాని సాలమ్మ. తల్లి పోయిన ఇందిరను చంకనేసుకుని పెంచిన చిన్నమ్మ. తనకు పిల్లల్లేరు, మొగుడు పోయి చాలాకాలమైంది, ఉన్నదల్లా శామీర్‌పేట రోడ్డు పక్కన ఆ పొలం, ఈ పిల్ల, ఈ పిల్ల మొగుడు. అల్లుడి సినిమా వచ్చిందంటే నాటు వేసే కూలీలను కూడా మధ్యాహ్నానికే పంపేసి టాకీసుకు బయల్దేరేది. ఒక సినిమాలో లింగస్వామి ఒక ముసలమ్మ చేత తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకుని ఆమెను ఇంట్లోంచి గెంటేస్తాడు. హాల్లో ఆడవాళ్ళంతా శాపనార్థాలు పెడుతుంటే సాలమ్మ ఒక్కతే పడీ పడీ నవ్వింది. పక్కన ఏడుస్తున్న ఆమెను ఓదార్చింది కూడా. “ఏడువకు. ఆయన మా అల్లుడే. పొద్దుగూకితే మా ఇంట్ల పెరుగన్నం తింటడు.”

ఆనాటి నుంచి కనబడ్డప్పుడల్లా అదే వేళాకోళం. “ఊరందరి వేలిముద్రలు తీసుకుంటవ్. నాదొకటి తీసుకోరాదు అల్లుడా?”

తర్వాత కాలం మారింది. బొంబాయి నుంచి ఆరడుగుల విలన్లు దిగారు. వాళ్ళకు మాట రాకపోయినా ఫర్వాలేదు, ఇంకెవరో గొంతు అరువిస్తారు. తమలపాకు చుట్టే విలన్‌తో ఎవరికీ పనిలేకుండా పోయింది. లింగస్వామి ఇంట్లో ఫోను మోగడం మానేసింది. ఔటర్ రింగు రోడ్డు వస్తుందని ఊళ్ళన్నీ ప్లాట్లయిపోతున్న ఈ రోజుల్లో, ప్లాట్లు అమ్మే కృష్ణారావు అనే ఆయన సినిమా తీస్తానని ఇంటికొచ్చాడు. విలన్ మీరే అన్నాడు. ముందుగా ఒక ట్రయల్ షూటింగు చేద్దాం, ముసలమ్మ వేలిముద్ర సీను మళ్ళీ కావాలి, కొత్త మనిషైతే బాగుంటుంది అన్నాడు.

కొత్త మనిషి ఎవరో చెప్పాల్సిన పనే లేకపోయింది. సాలమ్మ ఎన్నేళ్ళుగానో సిద్ధంగా ఉంది.

*

బయట కారు ఆగిన చప్పుడైంది. లింగస్వామి చేతిలో ఉల్లిగడ్డ జారింది.

“ఆయనే వచ్చిండు” అన్నాడు.

“వస్తడని నీకెరుకనా?”

“నేనే పిలిచిన. అడుగుదమని.”

ఇందిర ఒక్క ఉదుటున వాకిట్లోకి వెళ్ళింది. “చిన్నమ్మా, పక్కింటి ఇలిశమ్మక్క టీవీ పెట్టిందట. కేబుల్ల ఈయన పాత సినిమా వస్తాందట. పోయి చూడరాదు?”

అబద్ధం కాదు. నిజంగానే పొద్దున కేబుల్ కుర్రాడు చెప్పి వెళ్ళాడు. సాలమ్మ చేతిలో కంకి అక్కడే పడేసి, కొంగు దులుపుకుంటూ, చిన్నపిల్లలాగా గోడవతలికి నడిచింది. గేటు దగ్గర కృష్ణారావు ఎదురైతే చేతులెత్తి దండం పెట్టింది. “సారూ, ఈసారి సీనుల నన్ను ఇంకింత సేపు సూపియ్యాలె!”

“తప్పకుండా అవ్వా” అన్నాడు కృష్ణారావు. ఆమె వెళ్ళేదాకా గేటు పట్టుకుని నిలబడ్డాడు కూడా.

అతని చేతిలో బత్తాయిల సంచి. చెప్పులు బయటే విడిచాడు. కుర్చీ వేస్తే వద్దని చాప మీద కూర్చున్నాడు. “చెల్లెమ్మా, మోకాళ్ళ నొప్పులు తగ్గినయా? మా ఇంటామెకు గూడ గదే బాధ. పొద్దున్నే మెంతులు మింగుండ్రి.”

ఇందిర అతన్నే చూస్తూ నిలబడింది. నల్లద్దాలు లేవు, గాటు లేదు, వికటంగా నవ్వే నవ్వూ లేదు. మెడలో రుద్రాక్ష, జేబులో బీపీ గోళీల పట్టీ. ఈ మనిషిని తెర మీద వేస్తే ఒక్క ఈల కూడా పడదు. తెర మీది విలన్ తను విలన్‌నని వచ్చీ రావడంతోనే చాటింపు వేస్తాడు. ఈయన మెంతులు మింగమంటున్నాడు.

“మా చిన్నమ్మ కాగితం మాకిచ్చేయుండ్రి సార్” అంది సూటిగా.

“ఏ కాగితం చెల్లెమ్మా?”

“షూటింగ్ల వేలిముద్ర పెట్టిన కాగితం.”

కృష్ణారావు నొచ్చుకున్నట్టు ముఖం పెట్టాడు. “అది అగ్రిమెంటు. పొలం అమ్మినట్టు, పైకం మొత్తం ముట్టినట్టు అవ్వ ఒప్పుకున్నది. అంత మంది ముందట, కెమెరా ముందట, నవ్వుకుంట పెట్టింది. ఎవరన్న బలవంతం పెట్టిండ్రా? నువ్వు గూడ అక్కడనే ఉంటివి గద.”

“షూటింగనుకొని పెట్టింది.”

“ఆమె ఏమనుకున్నదో నాకెట్ల తెలుస్తది?”

పక్కింటి గోడ అవతల నుంచి నవ్వు వినబడింది. గోడలు అదిరేంత పెద్ద నవ్వు. లింగస్వామిదే, పదేళ్ళ కిందటిది. దాని వెంట సాలమ్మ చప్పట్లు కొడుతున్న శబ్దం వినిపించింది. గడప మీద కూర్చున్న లింగస్వామి తలెత్తి అటు చూశాడు.

తర్వాత లేచి నిలబడ్డాడు.

ఇందిర ఆ లేవడాన్ని గుర్తుపట్టింది. భుజాలు వెనక్కి వెళ్ళాయి. ఎడమ కనురెప్ప సగం దిగింది. ఎన్నో ఏళ్ళుగా ఈ ఇంట్లోకి రాని మనిషి ఎవరో వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డట్టయింది.

“కృష్ణారావూ.” గొంతు మెత్తగా, మర్యాదగా, విషంలాగా వచ్చింది. “రేపు పొద్దు పొడిచేసరికి ఆ కాగితం నా చేతుల ఉండాలె. రాళ్ళు నువ్వే పీకాలె, నీ చేతులతోనే. లేదంటవా... ఆకు వేస్కో పెద్దమనిషీ. మల్ల ఎప్పుడు దొరుకుతదో.”

ఇందిర ఒక్క క్షణం నిజంగానే అంతా చక్కబడుతుందని నమ్మింది.

గేటు దగ్గర నిలబడ్డ డ్రైవరు ఈలేశాడు. కృష్ణారావు రెండు చేతులతో చప్పట్లు కొట్టాడు. “గిదీ! గిది గావాలె! ఈ డైలాగు సినిమాల పెట్టాల్సిందే సామీ. మీ మొఖం మీద ఇంకా ఆ వెలుగున్నదయ్యా!”

లింగస్వామి భుజాలు దిగిపోయాయి. కానీ అవి దిగేముందు, చప్పట్ల చప్పుడు వినబడగానే, ఆయన ముఖం ఒక్కసారి వెలిగింది. రెప్పపాటు మాత్రమే. ఇందిర చూసింది. చూడకుండా ఉంటే బాగుండేదని తర్వాత చాలాసేపు అనుకుంది.

కృష్ణారావు చాప మీది నుంచి లేచి లాల్చీ సవరించుకున్నాడు. “పోలీసుల దాకా పోతరేమో, పోండ్రి. వద్దనను. కాని చెల్లెమ్మా, అగ్రిమెంటు మీద సాక్షి సంతకం ఎవరిదో ముందు మీ ఇంటాయన్ను అడుగు. నేను లోపలికి పోయేదుంటే నా పక్కన ఆయన గూడ ఉండాలె. ఆ ఉసురు నాకెందుకని ఊకుంటున్న.”

వెళ్తూ వెళ్తూ గేటు గడియ కూడా జాగ్రత్తగా పెట్టి వెళ్ళాడు.

*

బత్తాయిల సంచి చాప మీదే ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

“సాక్షి సంతకం నువ్వు పెట్టినవా?”

“పెట్టిన.”

“నీ అసలు పేరుతోనే?”

“ఊఁ.”

“అది ఉత్తుత్త కాగితమని చెప్పిండ్రు గద నీకు?”

“చెప్పిండ్రు.” లింగస్వామి గోడకు చేరగిలబడ్డాడు. “నేను గూడ అట్లనే అనుకున్న. కుర్చీల కూర్చున్న. ఆకు చుట్టిన. చిన్నత్త ఎదురుంగ కూసున్నది. కాగితం నా చేతికిచ్చిండ్రు, చదివినట్టు చెయ్యమని. నాకు చదువొచ్చు గద ఇందిరా. చదివినట్టు ఎట్ల చేస్త? చదివిన. సర్వే నంబరు ఆమె పొలందే. మామ పేరు, ఊరి పేరు అన్నీ సక్కగున్నయి. సినిమా కాగితంల సర్వే నంబరెవడు రాస్తడు?”

“అప్పుడు తెలిసింది నీకు.”

“అప్పుడు తెలిసింది.”

“ఆమె వేలు ఇంకా పెట్టలే.”

“పెట్టలే.”

“మరి ఎందుకు ఆపలే? కాగితం చించి పారేయొచ్చు గద! లేచి ఇంటికి రావొచ్చు గద! నీ నోట్ల ఏమడ్డం పడ్డది?”

లింగస్వామి చాలాసేపు తన అరచేతుల వంక చూసుకున్నాడు. జవాబు చెప్పేసరికి ఆయన గొంతులో సిగ్గు కూడా లేదు, అలసట మాత్రమే ఉంది.

“సీను మంచిగ వస్తుండె.”

ఇందిరకు ముందు వినబడనట్టే అయింది.

“నాలుగూళ్ళ జనం వచ్చిండ్రు. పిల్లలు చెట్లెక్కిండ్రు. నేను ఆకు తీయంగనే అందరు ఒక్కపారి అరిచిండ్రు, టాకీసుల అరిచినట్టు. ఎన్నేండ్లయింది ఇందిరా ఆ కూత వినక. చిన్నత్త ఎంత మంచిగ చేసిందో చూసినవా? నేను చెప్పకుండనే చెయ్యి వణికిచ్చింది. నడుమ లేస్తే సీను చెడిపోతదనిపిచ్చింది. అయినంక చెప్తమనుకున్న. అయినంక అందరు భుజాల మీద ఎత్తుకున్నరు. ఆ ఊపులనే సంతకం పెట్టుమంటే పెట్టిన.”

“థూ!” అంది ఇందిర. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన్ను ఆ మాట అనలేదు. తెర మీద ఎన్ని ఘోరాలు చేసి వచ్చినా, బల్లిని చూస్తే మంచం ఎక్కే మనిషని నవ్వుకుంటూ అన్నం పెట్టింది.

లింగస్వామి మెల్లగా అన్నాడు. “నన్ను అను. ఎంతన్న అను. కాని ఆనాడు నా కొత్త చీర కట్టుకో చిన్నమ్మ అని, బొట్టు పెట్టి, పూలు పెట్టి ముస్తాబు చేసి తెచ్చింది ఎవరు? నాకు మళ్ళ వేషాలొస్తయని నీకు ఆశ లేకుండెనా?”

ఇందిరకు ఆశ ఉంది. ఆ రోజు కృష్ణారావు కారు ఇంటిముందు ఆగితే వీధి వీధంతా చూడాలని గేటు కావాలనే తీసిపెట్టింది. కాగితం నిజమైనదని ఆమెకు తెలియదు, అది నిజం. ప్లాట్లమ్మేవాడికి ఉన్నట్టుండి సినిమా మీద ప్రేమెందుకు పుట్టిందని ఒక్కసారైనా అడగలేదు, అదీ నిజమే.

గోడవతల సినిమా అయిపోయినట్టుంది. సాలమ్మ చెప్పుల చప్పుడు వినిపించింది.

“నేను చెప్ప” అంది ఇందిర. “నువ్వే చెప్పాలె. నువ్వు చెప్పకపోతే ఇగ ఈ ఇంట్ల నీకు నాకు మాట లేదు.”

*

సాలమ్మ వస్తూనే చాప మీద కూలబడింది. నవ్వీ నవ్వీ కళ్ళు తడిశాయి. “అబ్బబ్బ! ఆ షావుకారును ముంచుతవు సూడు అల్లుడా, ఎన్నిసార్లు సూసినా నాకు తనివి తీరదు. ఆడు దండాలు పెడ్తుంటే నువ్వేమో ఆకు సుట్టుకుంట కూసుంటివి! ఇలిశమ్మ మనుమరాలైతే బుగులుతోని మంచం కిందికి ఉరికింది.”

బత్తాయిలు చూసి, “సారు తెచ్చిండా? మంచి మనిషి” అంది.

లింగస్వామి వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

“చిన్నత్తా. నేను నిన్ను మోసం జేసిన.”

సాలమ్మ కళ్ళు పెద్దవి చేసుకుని ముందుకు వంగింది.

“ఆనాడు నువ్వు వేలు పెట్టింది నిజం కాగితం. నీ పొలం అమ్మినట్టు రాసుకున్నరు. అది నిజమని నాకు తెలిసింది. తెలిసి గూడ నీ వేలు పట్టుకొని నేనే పెట్టిచ్చిన. నీ పొలం పోయింది చిన్నత్తా.”

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చేతులు జోడించాడు.

సాలమ్మ టపటపా చప్పట్లు కొట్టింది. “వహ్వా! విలన్ ఏడుసుడు నేనెన్నడు సూడలే! కండ్లల్ల నీళ్ళు గూడ దెచ్చుకుంటివి గదరా నాయినా! గిది ఏ సినిమాలది?”

“సినిమా గాదు చిన్నత్తా.”

“ఆఁ ఆఁ, సినిమా గాదు!” అని ఇంకా నవ్వింది. “నాకు గూడ సెప్పు, నేనేం మాట్లాడాలె? నా పొలం నాకియ్యి అని కాళ్ళ మీద పడాల్నా?”

లింగస్వామి మళ్ళీ నోరు తెరిచాడు. ఎంత నిజంగా చెబితే అంత బాగా నటించినట్టే ఉంది. పాపం, జీవితంలో మొదటిసారి నటించకుండా మాట్లాడాలని చూస్తే ఆ విద్య ఆయనకు తెలియదు. మాటలు వదిలేసి తల వంచుకున్నాడు.

సాలమ్మ నవ్వుతూనే ఇందిర వైపు తిరిగింది. “సూసినవా బిడ్డా మీ ఆయన...”

అక్కడ ఆగిపోయింది.

ఇందిర తలుపు పట్టుకుని నిలబడి ఉంది, అంతే. ఇందిరకు నటించడం రాదు. చిన్నప్పుడు బెల్లం దొంగిలించినా ముఖం చూసి పట్టేసేది సాలమ్మ. ఇప్పుడూ ఆ ముఖాన్నే చాలాసేపు చూసింది. చూస్తున్నకొద్దీ ఆమె ముఖం మీది నవ్వు కొంచెం కొంచెంగా పోయింది. పూర్తిగా పోయేసరికి సాలమ్మ చాలా ముసలిదైపోయినట్టు కనిపించింది.

“బోర్డు మీద వీరయ్య సదివింది నిజమేనా?”

“నిజమే చిన్నమ్మా.”

“ఆ రాళ్ళు తియ్యరా?”

ఇందిర తల అడ్డంగా ఊపింది.

సాలమ్మ చాప మీద పోగు ఒకదాన్ని పీకుతూ కూర్చుంది. “పాపం వీరయ్య” అంది. “ఉన్నది ఉన్నట్టు సదివితే నలుగుట్ల నోటికొచ్చినట్టు తిట్టిన. వానికేం మొఖం సూపిస్త?”

ఏడుస్తుందేమో అని ఇందిర ఎదురుచూసింది. ఏడిస్తే పట్టుకుని తనూ ఏడవొచ్చు. సాలమ్మ ఏడవలేదు. అల్లుడి వంక ఒక్కసారి కూడా చూడలేదు. ఎన్నో సినిమాల్లో ఎందరో ముసలమ్మలు లింగస్వామిని చూసి దుమ్మెత్తి పోశారు, నోరారా శపించారు. వాటన్నిటికీ ఆయన దగ్గర తయారుగా ఒక నవ్వుండేది. ఈ చూడకపోవడానికి ఏం చేయాలో తెలియక గోడ వైపు జరిగాడు.

“ఇప్పుడేం జెయ్యాలె?” అని అడిగింది సాలమ్మ. పొలం పని అడిగినట్టే అడిగింది.

“ఠాణాకు పోదం” అంది ఇందిర. “షూటింగని చెప్పి మోసం చేసిండ్రని కేసు పెడుదం. అగ్రిమెంటే అయ్యింది, రిజిస్ట్రేషను ఇంకా కాలే. ఇయ్యాలనే పోతే ఆగుతది.”

“పోతే... అల్లుడు?”

లింగస్వామి తలెత్తాడు. ఏదో ఒక దారి ఇందిర చూపిస్తుందని, ఎప్పుడూ ఆమే చూపిస్తుందని ఆయన కళ్ళు అడుగుతున్నాయి. పాలవాడికి సర్దిచెప్పినా, కిరాయి అడిగేవాళ్ళకు సర్దిచెప్పినా, పనిలేని రోజుల్లో చుట్టాలకు ఆయన ఊళ్ళో లేడని చెప్పినా, అన్నీ ఆమే. ఇందిరకు ఎక్కడో లోపల చాలా అలసటగా అనిపించింది. ఇక సర్దిచెప్పే ఓపిక లేదనిపించింది.

“మొదలు ఈయన పేరే చెప్పు” అంది. “ఆ తర్వాతనే కృష్ణారావు పేరు. ముస్తాబు చేసి తీసుకపోయింది నేనే అని గూడ చెప్పు. ఏదీ దాయకు.”

“ఇందిరా...” అన్నాడు లింగస్వామి.

“కాగితం మీద వేరే సాక్షి లేడు. నువ్వు ఒప్పుకుంటేనే అది మోసమని తేలుతది. ఒప్పుకుంటవా లేదా?”

ఆయన లేచాడు. కొయ్యకు తగిలించిన చొక్కా తీసుకున్నాడు. ఒక చెయ్యి దూర్చి, రెండోది దూర్చడం మరిచిపోయినట్టు అలాగే నిలబడ్డాడు. చివరికి, “ఒప్పుకుంట” అన్నాడు. ఈసారి గొంతులో ఏ వేషమూ లేదు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఇందిర చెప్పులు వేసుకుంది. సాలమ్మ చెప్పులు కూడా తెచ్చి ఆమె కాళ్ళ ముందు పెట్టింది. “లే చిన్నమ్మా. మేడ్చల్ చౌరస్త దాక ఆటోల పోదం. అక్కడ అర్జీ రాసేటాయన ఉంటడు. ఆయన రాస్తడు, మనం ఇస్తం.”

సాలమ్మ లేవలేదు.

“అర్జీ మీద నేనేం జెయ్యాలె?”

“ఏం లేదు. ఆయన చదివి వినిపిస్తడు. నువ్వు వేలిముద్ర పెడ్తే చాలు.”

సాలమ్మ కుడిచేతిని దగ్గరికి తీసుకుంది. బొటనవేలిని మిగిలిన వేళ్ళ లోపల పెట్టి పిడికిలి బిగించింది. ఆ పిడికిలిని ఎడమచేత్తో కప్పి ఒళ్ళో పెట్టుకుంది.

“చిన్నమ్మా, పొద్దుపోతాంది. లేవరాదు?”

“నేనింక పెట్ట బిడ్డా” అంది సాలమ్మ. “ఎవ్వల కాగితం మీద పెట్ట. నువ్వు తెచ్చినా పెట్ట.”